దువ్వెన దొర నవ్వు

మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాలిస్తే నాకు ఇప్పటికీ ఒకే కల వస్తుంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మా ఫ్యాక్టరీ షెడ్డు. పైకప్పు రేకుకు ఎక్కడో చిన్న చిల్లు. అందులోంచి ఎండ సన్నగా కిందికి దిగుతుంటే ఆ వెలుగులో తెల్లటి రాతిపొడి మెల్లగా తేలుతుంటుంది. పెద్ద మిల్లు తిరుగుతూనే ఉంటుంది, కానీ చప్పుడు ఉండదు. దాని ముందు ఒక మనిషి అటువైపు తిరిగి నిలబడి ఉంటాడు. నేను అతన్ని పిలవాలనుకుంటాను. పిలిచేలోపే మెలకువ వస్తుంది.

ఆ మనిషి పేరు యాదగిరి. నేను ఇరవై ఏళ్లకు పైగా సేఫ్టీ ఆఫీసరుగా పనిచేశాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు కలిసినప్పుడు చట్టాల గురించీ, ఫారాల గురించీ అడుగుతుంటారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. యాదగిరి గురించి నేనొక కాగితం మీద మూడు ముక్కలు రాశాను. వాటితో అతని ఉద్యోగం పోవలసింది. అవి రాయడానికి నా చేతికి అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

రాయిని పిండి చేసే చోటు

మా ఫ్యాక్టరీలో పలుగురాయిని పిండి చేసేవాళ్లం. ఆ పిండి పింగాణీ సామాన్లు చేసే కంపెనీలకు వెళ్లేది. మిల్లు అంటే మనిషికి రెండింతల ఎత్తున్న ఇనుప డ్రమ్ము. దాని కడుపులో ఇనుప గుండ్లు, రాళ్లు. అది తిరుగుతుంటే పక్కనున్న మనిషి చెవి దగ్గర నోరుపెట్టి అరవాలి. కొత్తగా చేరినవాడికి మొదటి రోజు ఆ చప్పుడు పొట్టలో వినపడేది. నెల తిరిగేసరికి "అలవాటైంది సార్" అనేవాడు. ఆ మాట వింటే నాకు సంతోషంగా ఉండేది. చప్పుడుకు అలవాటు కావడమంటే ఏమిటో నాకప్పుడు తెలియదు.

చెవుల్లో పెట్టుకోవడానికి ప్లగ్గులు ఇచ్చేవాళ్లం. చెమటకు జారిపోతున్నాయని చాలామంది వాటిని జేబులో వేసుకునేవాళ్లు. నేను రౌండుకు వెళ్లినప్పుడు నేనూ పెట్టుకునేవాణ్ని కాదు. పది నిమిషాల పనికి అవెందుకని నా లెక్క. రోజుకు అట్లాంటి పది నిమిషాలు ఎన్నున్నాయో ఎప్పుడూ ఆలోచించలేదు.

నిజం చెప్పాలంటే నా చూపంతా దుమ్ము మీదే ఉండేది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరితే మనిషి నిలువునా ఎండిపోతాడు. దుమ్ము కంటికి కనపడుతుంది, చొక్కా మీద పడుతుంది, టీ గ్లాసులో తేలుతుంది. చప్పుడు దేని మీదా పడదు. నేను కంటికి కనపడే శత్రువుతోనే కొట్లాడాను.

జుట్టు కింద ఏమున్నది

ప్రతి మార్చిలో భద్రతా వారోత్సవం చేసేవాళ్లం. మొదటి రెండేళ్లు ఉపన్యాసాలు పెట్టాం. క్యాంటీన్ హాల్లో పనివాళ్లు హాయిగా నిద్రపోయారు. మూడో ఏడు నేను నాటకం రాశాను.

నాటకమంటే నాకు చిన్నప్పటి పిచ్చి. సంగారెడ్డిలో చదువుకునే రోజుల్లో టాకీసులో బొమ్మ మారినప్పుడల్లా నేల టికెట్టులో నేనుండేవాణ్ని. ఆ సినిమాల్లో నాకు బాగా నచ్చే పాత్ర ఒకటుండేది. ఆరడుగుల పొడుగు, ఉంగరాల జుట్టు, ఇస్త్రీ నలగని చొక్కా. హీరోయిన్‌ను ఇచ్చి చేద్దామని పెద్దలు అనుకునే బావ. చూడ్డానికి హీరోకంటే బాగుంటాడు, నోరు విప్పితే అయిపోతాడు. ఎవరేమన్నా అర్థం కాక పళ్లు చూపిస్తాడు. హాలంతా పడీపడీ నవ్వేది. అందరికంటే గట్టిగా నేను నవ్వేవాణ్ని. నా ముఖం నిండా అమ్మవారు పోసిన మచ్చలు. దేవుడు వాడికి అందం ఇచ్చి బుర్ర మరిచాడు, నాకు అందం మరిచి బుర్ర ఇచ్చాడని లోపల ఒక ఓదార్పు. ఆ నవ్వులో సగం కుళ్లు. ఈ సంగతి ఒప్పుకోవడానికి నేను రిటైరు కావలసి వచ్చింది.

నా నాటకంలో ఆ బావనే ఫ్యాక్టరీకి తీసుకొచ్చాను. పేరు దువ్వెన దొర. పాపిట చెడిపోతుందని హెల్మెట్ పెట్టుకోడు. కాళ్లకు బూట్ల బదులు పాలిష్ చెప్పులు. జేబులో దువ్వెన, చేతిలో చిన్న అద్దం. ప్రతి సీనులో ఏదో ఒక ప్రమాదంలోకి నవ్వుతూ నడుస్తాడు.

ఆ వేషానికి యాదగిరి తప్ప ఇంకెవరూ నా కళ్లకు ఆనలేదు. వెలిమెల మనిషి. వాళ్లది కూలీ పనుల మీద బతికిన ఇల్లు. అతను పొలం పనులు వదిలి మిల్లుకు వచ్చాడు. ఎంత రాతిపొడి పడ్డా ఆ ముఖం అందం దాగేది కాదు. క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడ అతనికి గరిటెడు పప్పు ఎక్కువే వేసేది. ఏదైనా అడిగితే మాత్రం వెంటనే జవాబు రాదు. మన ముఖంలోకి తేరిపార చూస్తాడు, నవ్వుతాడు, అప్పుడు చెప్తాడు. ఒక్కోసారి ఏమీ చెప్పకుండా నవ్వేసి వెళ్లిపోతాడు. అందరిలాగే నేనూ దానికొక అర్థం పెట్టుకున్నాను.

ఎదురు వేషం ఖలీల్‌ది. సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చే ఫిట్టరు, మంచి గొంతున్నవాడు. నాటకంలో ఫోర్‌మన్. యాదగిరి వారం రోజుల్లో నాటకమంతా, అందరి మాటలతో సహా, కంఠతా పట్టేశాడు. నేను తెర వెనక నిలబడి మాట అందిస్తే మాత్రం పట్టించుకునేవాడు కాదు. ఖలీల్ పెదాలు ఆగేదాకా చూసేవాడు, ఇంకో క్షణం ఆగేవాడు, అప్పుడు అనేవాడు.

"దొరా, తలకాయ మీద ఏమున్నది?" అని ఖలీల్ అడుగుతాడు.

"జుట్టు."

"జుట్టు కింద?"

యాదగిరి అద్దంలో చూసుకుంటాడు. ఖలీల్ వైపు చూస్తాడు. ఆ నవ్వు నవ్వుతాడు. హాలు ఊపిరి బిగబట్టి ఉంటుంది.

"చుండ్రు."

ఆ క్షణం ఆగడంలోనే నాటకమంతా ఉంది. అట్లా ఆగడం ఎవరికీ నేర్పలేం, తెలివి తక్కువవాడికి పుట్టుకతో వస్తుందని మా ఇంట్లో కూడా చెప్పాను.

ఆ ఏడాది నుంచి వాచ్‌మన్ మొదలు మేనేజర్ దాకా అతన్ని దొర అనే పిలిచారు. పక్క ఫ్యాక్టరీలవాళ్లు మా నాటకాన్ని పిలిపించుకున్నారు. ఆరు మార్చిలు ఆడాం. నాటకం బాగుందని అందరూ నా చేయి పట్టుకుని ఊపారు.

ఒకసారి ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీ గుడి దగ్గర యాదగిరి, అతని భార్య సుగుణ ఎదురయ్యారు. ఆమె ఏం చెప్పాలన్నా ముందు అతని చొక్కా చేయి పట్టి లాగేది. అతను తిరిగి చూశాకే మాట్లాడేది. కొబ్బరికాయ అంటే ఒకసారి లాగడం, చెప్పులంటే ఒకసారి లాగడం. పాపం, ఎద్దును తోలినట్టు తోలుకుంటోందని నా భార్యతో అని నవ్వాను. కళ్ల ముందు జరిగినదాన్ని అంత శుభ్రంగా తప్పు చదవడం కూడా ఒక విద్యే.

మూతులు మూసిన నెల

ఎనభైల దశకం దాటాక నా పెద్ద కోరిక తీరింది. అప్పటి మా మేనేజర్ మరాఠీ ఆయన. చేతులు వెనక్కి కట్టుకుని షెడ్డంతా తిరుగుతాడు, తక్కువ మాట్లాడతాడు. నేను ఏడాదిపాటు వెంటపడితే ఒక రోజు ఆర్డరు వేశాడు. ముక్కు, నోరు మూసే మాస్కు లేకుండా మిల్లు షెడ్డులోకి ఎవరూ అడుగుపెట్టకూడదు. ఫోర్‌మన్‌తో సహా. నాతో సహా. వారం తిరిగేసరికి షెడ్డులో అందరికీ కళ్లు మాత్రమే మిగిలాయి. నేను గర్వంతో ఆ కళ్ల మధ్య తిరిగాను.

ఆ నెలలోనే యాదగిరి పని చెడింది. రెండో మిల్లులో పోయమన్న రాయి మూడో మిల్లులో పోశాడు. ఆపమంటే ఆపలేదు. బస్తాలు తెమ్మంటే పార తెచ్చాడు. ఫోర్‌మన్ రోజూ నా టేబుల్ దగ్గరికి వచ్చి, దొర తలకాయలో ఉన్న ఆ కాస్తా అయిపోయిందని చెప్పేవాడు. ఒక రోజు నేను అక్కడే ఉన్నాను. యాదగిరి వెనక నుంచి రాళ్ల ట్రాలీ వస్తోంది. నలుగురం జరగమని అరిచాం. అతను కదల్లేదు. ట్రాలీని పట్టి ఆపేసరికి అతని మడమకూ చక్రానికీ మధ్య జానెడు సందు మిగిలింది. నేను మాస్కులోంచే చెడామడా తిట్టాను. అతను నా ముఖంలోకి చూసి నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

సీటుకు వెళ్లి కాగితం తీసి రాశాను. "మనిషి చూడ్డానికి బాగుంటాడు. చెప్పింది బుర్రకెక్కదు. యంత్రాల దగ్గర పనికిరాడు." సేఫ్టీ ఆఫీసరు అట్లా రాశాడంటే ఆ మనిషి గేటు బయటే. మేనేజర్ ఊళ్లో లేడు, వారానికి గాని రాడు. కాగితం ఆయన టేబుల్ మీద పెట్టి వచ్చాను.

సాయంత్రం అదే యాదగిరిని నాటకం రిహార్సల్‌కు పిలిచాను. మిల్లుకు పనికిరాడు, నవ్వించడానికి పనికొస్తాడు. ఈ రెండూ ఒకే రోజు అనుకున్నందుకు నాకు సిగ్గనిపించలేదు.

ఆ ఏటి నాటకం మాస్కుల మీద. అందరూ మాస్కులతో ఉంటారు, దొర ఒక్కడే మీసం కనపడదని పెట్టుకోనంటాడు. ఖలీల్ మాస్కు పెట్టుకుని తన మాట అన్నాడు. యాదగిరి నిలబడ్డాడు. మళ్లీ అన్నాడు. యాదగిరి నవ్వాడు. ఆరేళ్లలో ఒక్క మాట తప్పని మనిషి. నేను కేకలేశాను. అప్పుడు ఖలీల్ నావైపు ఒకసారి చూసి, మాస్కు గడ్డం కిందికి లాగి, అదే మాట మెల్లగా అన్నాడు. జవాబు వెంటనే వచ్చింది. మాస్కు ఎక్కించాడు, రాలేదు. దించాడు, వచ్చింది.

ఖలీల్‌ను పక్కకు పిలిచాను.

"గాయన చెవులతోని ఇనడు సాబ్," అన్నాడు. "మూతి సూసి ఇంటడు. మీరు అందరి మూతులు మూసేస్తిరి."

ఎన్నాళ్లుగా అని అడిగాను. నాలుగైదేళ్లుగా తనకు తెలుసని, ఎవరికీ చెప్పొద్దని యాదగిరి ఒట్టు పెట్టించుకున్నాడని చెప్పాడు. ఎదురుగా నిలబడకుండా అతనితో ఖలీల్ ఎప్పుడూ మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పావురాలు

నేను నమ్మలేదు. నమ్మితే నా ఉద్యోగం ఏమైనట్టు?

మర్నాడు ఫ్యాక్టరీలకు కరెంటు ఇవ్వని రోజు. మిల్లు ఆగి ఉంది. చప్పుడు లేని ఆ షెడ్డు నాకెప్పుడూ కొత్తగానే ఉండేది. నీళ్లలోకి దిగినట్టు ఒళ్లు తేలికయ్యేది. రేకు చిల్లులోంచి ఎండ దిగుతోంది. దుమ్ము అణిగి, ఒక్కో రేణువు తీరుబడిగా తిరుగుతోంది. యాదగిరి అటువైపు తిరిగి, చీపురు చేత పట్టుకుని, ఆ వెలుగునే చూస్తున్నాడు.

పది అడుగుల వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాను. కదల్లేదు. కొంచెం గట్టిగా పిలిచాను. కదల్లేదు. మూడోసారి నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే పైన దూలాల మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. వాటి నీడలు నేల మీద పరుగెత్తాయి. ఆ నీడలు చూసి యాదగిరి తలెత్తాడు. తర్వాత వెనక్కి తిరిగాడు. నన్ను చూసి ఆ నవ్వు నవ్వాడు.

"ఎప్పుడొచ్చిండ్రు సార్?"

నేను దగ్గరికి వెళ్లి, ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేట్టు మెల్లగా అడిగాను, ఎందుకు చెప్పలేదని. అతను నవ్వు ఆపుకోలేదు, దాచలేదు కూడా. దాని పని అయిపోయినట్టు అదే ముఖం మీంచి జారిపోయింది.

"చెవుల్లేవంటే ఇంటికి తోలుతరు సార్. తెల్వి లేదంటే నవ్వి ఊకుంటరు," అన్నాడు. "మీ నాటకం నాకు మంచిగనే ఆసరైంది. నేను జవాబు చెప్పకున్నా, దొర గట్లనే తియ్యి అంటుండ్రి."

నాటకంలో ఎట్లా నెగ్గుకొచ్చావని అడిగాను.

"స్టేజీ మీద నాకు అన్నీ ఇనపడ్తయి సార్. ఎవలేమంటరో ముందుగాల్నే ఎరుక గద."

నేను ఆ కాగితం సంగతి చెప్పాను. రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. మొదటిసారి నా పెదాలు సరిగా కదల్లేదు.

అతను మిల్లువైపు చూశాడు. చేత్తో దాని ఇనుప ఒంటిని తట్టాడు. "చెవులు దీనికే ఇచ్చిన సార్," అన్నాడు. "ఇప్పుడు ఇదే నన్ను పనికిరావంటున్నదా?"

అక్కడున్న ఖాళీ బస్తాల మీద కూర్చుండిపోయాను. నాకు ఏడుపొచ్చింది. అతను పక్కన కూర్చోలేదు, ఎదురుగా కూర్చున్నాడు. నేనేమైనా అంటే వినపడాలి కదా.

కాగితం కింద కాగితం

మేనేజర్ వచ్చిన రోజు పొద్దున్నే ఆయన గదికి వెళ్లాను. జరిగిందంతా చెప్పి, ఆ కాగితం ఇప్పించమని, చింపేస్తానని అడిగాను. ఆయన హిందీలో, గొంతు పెంచకుండా, చింపొద్దన్నాడు. అది ఫైల్లోనే ఉంటుంది, దాని కింద ఇంకోటి నీ చేత్తో రాసి పెట్టు, రేపు ఈ కుర్చీలోకి వచ్చేవాడు రెండూ కలిపి చదవాలి అన్నాడు. రెండోది రాయడానికి నాకు సాయంత్రమైంది. నేను చూసిన పై అధికారుల్లో చాలామంది నా తప్పులు మాఫీ చేశారు. ఈయన ఒక్కడే నా తప్పును పనికొచ్చేట్టు చేశాడు.

ఏటా జరిపే వైద్య పరీక్ష సంగతి అప్పుడు బయటపడింది. డాక్టరు పనివాణ్ని ఎదురుగా కూర్చోబెట్టి, వినపడుతోందా అని అడిగేవాడు. యాదగిరి ఆయన మూతి చూసి, వినపడుతోంది సార్ అనేవాడు. డాక్టరు టిక్కు పెట్టేవాడు, కింద నేను సంతకం పెట్టేవాణ్ని. ఈసారి మిల్లు మనుషులందరినీ వెనక నుంచి పిలిచాం. ఇంకో ముగ్గురు తిరగలేదు. వాళ్లెవరూ అందగాళ్లు కారు. ఒకణ్ని పొగరుబోతు అనుకున్నాం, ఒకణ్ని మతిమరుపు మనిషి అనుకున్నాం, మూడోవాడు తాగి వస్తాడని ఫోర్‌మన్ నమ్మకం. ఒక్క చెవుడుకు మేం నాలుగు పేర్లు పెట్టుకున్నాం.

ఆ ముగ్గురినీ మిల్లు దగ్గర నుంచి తప్పించాం. యాదగిరిని బస్తాలు కుట్టే షెడ్డుకు మార్చారు. అక్కడ దుమ్ము తక్కువ, మాస్కులు అక్కర్లేదు. భుజం తట్టి, ఎదురుగా నిలబడి మాట్లాడాలని అందరికీ చెప్పాం. మిగతావాళ్లకు చెవులను పూర్తిగా మూసే రకం మూతలు తెప్పించాం. పోయినవాళ్ల చెవులు మాత్రం తిరిగి రాలేదు.

దొర వేషం ఆపేద్దామనుకున్నాను. యాదగిరి ఒప్పుకోలేదు. స్టేజీ ఒక్కటే తనకు అన్నీ వినపడే చోటు, అది కూడా తీసుకోవద్దన్నాడు. అందుకని మాస్కుల నాటకం పక్కనపెట్టి పాత నాటకమే ఉంచి, ఆ ఒక్క ప్రశ్న కొట్టేశాను. మార్చిలో నాటకం మొదలైంది. ఆరేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ఖలీల్ నోటి నుంచి అది వచ్చేసింది.

"జుట్టు కింద?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. యాదగిరి అద్దంలో చూసుకున్నాడు. తెర వెనకున్న నావైపు ఒకసారి చూశాడు. ఎప్పుడూ ఆగే ఆ క్షణం ఆగాడు.

"చెవులు," అన్నాడు.

హాల్లో సగం మంది నవ్వారు. మిల్లు వాళ్లు కూర్చున్న వరుసల్లో ఎవరూ నవ్వలేదు.

ముత్తంగి దగ్గర

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది పెద్దదేం కాదు. ఒక మనిషిని నలుగురూ ఒకే మాటతో పిలుస్తుంటే, ఆ మాట ఎవరి పని తేలిక చేస్తోందో చూడండి. మాది తేలికైంది. అందంగా ఉన్నాడు కాబట్టి బుర్ర లేదనుకున్నాం, బుర్ర లేదు కాబట్టి ఇంకేమీ వెతకలేదు. సినిమాలో ఆ బావను చూసి నవ్వుకోండి, నేనూ ఇంకా నవ్వుతాను. గేటు లోపలికి వచ్చేటప్పుడు ఆ నవ్వు బయట పెట్టి రండి.

రిటైరయ్యాక పనిమీద ముత్తంగి వైపు వెళ్లినప్పుడు హైవే పక్క హోటల్లో టీ తాగి, లారీలు చూస్తూ కూర్చోవడం నాకు అలవాటు. ఒక మధ్యాహ్నం అట్లాగే కూర్చున్నాను. ఎండకు రోడ్డు నీళ్లలా మెరుస్తోంది. లారీలు మెత్తగా, దూదిబస్తాల్లా వెళ్తున్నాయి. కొన్నాళ్లుగా నాకు అన్నీ అట్లాగే మెత్తగా ఉన్నాయి. ఇంట్లో ఏదో అడుగుతారు, నేను ఏదో చెప్తాను. నాకు మచ్చల ముఖం కాబట్టి దాన్ని వయసు అంటున్నారు.

ఎవరో నా చొక్కా చేయి పట్టి మెల్లగా లాగారు.

తిరిగి చూస్తే యాదగిరి. జుట్టు తెల్లబడింది, ఉంగరాలు అట్లాగే ఉన్నాయి. ఆ ముఖమంటే వయసుకు ఇంకా మర్యాద ఉంది. అతను నా పక్కన కూర్చోలేదు. స్టూలు లాక్కుని, నాకు ఎదురుగా, వెలుగు తన ముఖం మీద పడేట్టు కూర్చున్నాడు. ఏదో అన్నాడు. నేను అతని పెదాలు చూశాను. మళ్లీ అన్నాడు, ఈసారి మెల్లగా.

"మూడుసార్లు పిలిచిన సార్."

నేను నవ్వాను.